భుజం మార్పిడి: బంతి ఎటు, గుంట ఎటు?

మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో వీధికి ఒకరిద్దరైనా కనిపిస్తారు. భుజం మార్పించుకున్న మనిషి మాత్రం ఇంకా అరుదే. కాలు మొరాయిస్తే బతుకు అక్కడే ఆగిపోతుంది కానీ, చెయ్యి లేవకపోతే రెండో చేత్తో ఎలాగో నెట్టుకొస్తాం. జడ కూతురు వేస్తుంది, అటక మీది డబ్బా మనవడు దించిపెడతాడు. అలా ఏళ్లు గడిచి, రాత్రిపూట ఆ పక్కకి ఒత్తిగిల్లలేని నొప్పి మొదలయ్యాక డాక్టరు గుర్తొస్తాడు. అప్పటికి అరిగింది కీలు ఒక్కటే అయితే ఫరవాలేదు. చాలామందిలో దాన్ని ఆడించే కండరాలు కూడా చెడిపోయి ఉంటాయి. ఈ ఆపరేషన్ చరిత్ర, ఇందులో నడుస్తున్న వాదనలు, ఆ తర్వాత కోలుకునే తీరు అన్నీ ఆ కండరాల చుట్టూనే తిరుగుతాయి.

అసలు సంగతిలోకి వెళ్లేముందు ఒక మాట. భుజం నొప్పి అంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మార్పిడితో పనే లేదు. షుగరు ఉన్నవాళ్లలో తరచుగా కనిపించేది భుజం పట్టేయడం, డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అనేది. అందులో చెయ్యి మనం తిప్పినా తిరగదు, డాక్టరు పట్టుకుని తిప్పినా తిరగదు. ఎక్స్‌రేలో మాత్రం కీలు శుభ్రంగా ఉంటుంది. అది వ్యాయామాలతో, ఇంజెక్షన్లతో, కాస్త ఓపికతో ఏడాది రెండేళ్లలో దారికొస్తుంది. దానికే కీలు మారుస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయడం మంచిది.

మార్పిడి దాకా వచ్చే కారణాలు వేరు. వయసుతో వచ్చే అరుగుదల, రుమటాయిడ్ కీళ్లవాతం, ఏళ్ల తరబడి పట్టించుకోని కండర చిరుగు, పెద్దవయసులో పడిపోయి భుజం ఎముక ముక్కలు కావడం. ఇవి కాక ఎముక తలకి రక్తం అందక అది కుంగిపోవడం ఒకటి. పాడేరు, ఉట్నూరు వైపు గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకి ఇది చిన్న వయసులోనే రావచ్చు. ముప్ఫై ఏళ్లవాడికి లోహపు భుజం పెట్టాలా, ఇంకొన్నాళ్లు లాగాలా అన్నది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు.

భుజం నిర్మాణమే విచిత్రమైంది. తుంటి కీలులో బంతి లోతైన గుంటలో కూర్చుంటుంది. భుజంలో దండచెయ్యి ఎముక తల పెద్దది, రెక్క ఎముక మీద దాన్ని ఆనించుకునే గుంట చిన్నది, లోతు లేనిది. బడిపిల్లలు చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తినట్టే ఉంటుంది వ్యవహారం. నిమ్మకాయ జారకుండా పట్టి ఉంచేవి నాలుగు కండరాలు. వాటి స్నాయువులు ఎముక తల చుట్టూ అతుక్కుని ఉంటాయి. ఆ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వాటి పైన, భుజం మీద గుండ్రంగా ఉబ్బి కనిపించేది డెల్టాయిడ్. కరోనా టీకా పొడిచింది దానికే. చెయ్యి ఎత్తేటప్పుడు డెల్టాయిడ్ పైకి లాగుతుంది, కఫ్ తలని గుంటకేసి అదిమి ఉంచుతుంది. కఫ్ చిరిగిపోతే అదిమిపట్టే దిక్కు ఉండదు. అప్పుడు డెల్టాయిడ్ లాగిన ప్రతిసారీ ఎముక తల పైకి జారి భుజం కొన ఎముకకి కొట్టుకుంటుంది. ఆ మనిషి భుజం ఎగరేయగలడు గానీ చెయ్యి ఎత్తలేడు.

ఈ సంగతి పూర్తిగా అర్థం కావడానికి వైద్యులకి దాదాపు వందేళ్లు పట్టింది. 1893లో పారిస్‌లో జూల్ ఎమీల్ పేయాన్ అనే సర్జన్ క్షయతో భుజం కుళ్లిపోయిన ఒక రొట్టెలు కాల్చే పనివాడికి కృత్రిమ కీలు అమర్చాడు. ప్లాటినం గొట్టం, దాని మీద పారఫిన్‌లో ఉడికించి గట్టిపరిచిన రబ్బరు తల. తయారుచేసిందేమో ఒక పళ్ల డాక్టరు! ఆ చెయ్యి కొంతకాలం బాగానే పనిచేసింది గానీ క్షయ తిరగబెట్టి, చీము ఆగక, రెండేళ్లకి దాన్ని తీసేయాల్సి వచ్చింది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో అన్నాళ్లు నిలవడమే గొప్ప.

ఆ తర్వాత చెప్పుకోవాల్సిన పేరు న్యూయార్క్‌లోని చార్లెస్ నీర్. భుజం ఎముక తల ముక్కలైతే ఆ ముక్కల్ని తీసిపారేయడమే ఆనాటి పద్ధతి. చెయ్యి వేలాడుతూ మిగిలేది. నీర్ కోబాల్ట్ క్రోమియం మిశ్రమంతో తల, కాడ ఉన్న పరికరాన్ని చేయించి, దాని ఫలితాలను 1955లో ప్రచురించాడు. తర్వాత గుంట వైపు ప్లాస్టిక్ కప్పు చేర్చి, అరుగుదల రోగులకి రెండు వైపులా మార్చిన ఫలితాలను 1974లో వెల్లడించాడు. ఈనాటి ‘అనటామికల్’ మార్పిడి, అంటే బంతి బంతి చోట, గుంట గుంట చోట ఉండే పద్ధతి, ఆయన గీసిన దారే.

నీర్ పద్ధతి చిక్కుపడింది కఫ్ చిరిగిన రోగుల దగ్గరే. అదిమిపట్టేవాళ్లు లేక లోహపు తల కూడా పైకే జారేది. బరువంతా ప్లాస్టిక్ కప్పు పై అంచు మీద పడేది. కప్పు ఇటూ అటూ ఊగి ఊగి వదులయ్యేది. అందుకని అలాంటివాళ్లకి బంతి ఒక్కటే మార్చి వదిలేసేవారు. నొప్పి తగ్గేది, చెయ్యి మాత్రం లేచేది కాదు. బంతినీ గుంటనీ తారుమారు చేసి చూద్దామన్న ప్రయత్నాలు 1970ల్లో చాలామంది చేశారు, నీర్ కూడా చేశాడు. అవి ఎముక నుంచి ఊడిపోవడమో విరగడమో జరిగి మూలపడ్డాయి.

వాటిని బతికించింది ఫ్రాన్స్‌లోని డిజాన్‌కి చెందిన పాల్ గ్రామోం. 1985లో ఆయన మొదలుపెట్టిన రివర్స్ పద్ధతిలో బంతి రెక్క ఎముకకి బిగుస్తుంది, గుంట దండచెయ్యి ఎముక మీదికి వస్తుంది. ఈ మాట అంతకుముందూ అన్నవాళ్లున్నారు. గ్రామోం గొప్పతనం కొలతల్లో ఉంది. పాత నమూనాల్లో బంతి మెడ మీద నిలబడి బయటికి పొడుచుకొచ్చేది. ఆయన మెడ తీసేసి సగం గోళాన్ని నేరుగా ఎముకకి ఆనించాడు. దాంతో కీలు తిరిగే కేంద్రం ఒంటివైపు లోపలికి, కిందికి జరిగింది. ఎముక నుంచి బంతిని ఊడబీకే బలం తగ్గింది. డెల్టాయిడ్‌కి మీటలాగా లాగే దూరం పెరిగింది, చెయ్యి కాస్త కిందికి దిగడంతో ఆ కండరం బిగువు కూడా పెరిగింది. కఫ్ లేకపోయినా డెల్టాయిడ్ ఒక్కటే చెయ్యెత్తగలిగింది. 1991లో వచ్చిన ఆయన డెల్టా 3 నమూనా యూరప్ అంతా పాకింది. అమెరికాలో రివర్స్ కీలుకి అనుమతి 2003లో గానీ రాలేదు. ఏళ్లుగా తల దువ్వుకోలేని ముసలావిడ మూడు నెలలకి చెయ్యి తల మీద పెట్టుకోవడం చూశాక ఏ సర్జనూ వెనక్కి వెళ్లలేదు.

ఆపరేషన్ గదిలో రెండు పద్ధతులకీ దారి ఒకటే. రోగిని వాలుకుర్చీలో కూర్చోబెట్టినట్టు సగం లేపి పడుకోబెడతారు. మెడ పక్క నరాలకి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ తర్వాత చాలా గంటలపాటు చెయ్యి మొద్దుబారి నొప్పి తెలియకుండా చేసేది అదే. అయితే అది ఊపిరాడించే ఉదరవితానాన్ని కూడా ఆ వైపు కొన్ని గంటలు పడుకోబెడుతుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఈ సంగతి మత్తు డాక్టరుకి ముందే చెప్పి తీరాలి. భుజం ముందువైపు కోసి, డెల్టాయిడ్‌కీ ఛాతీ కండరానికీ మధ్య సందులోంచి లోపలికి వెళతారు. ఆ సందు చూపించే గుర్తు అక్కడ నడిచే నీలి సిర. కండరాల్ని కొయ్యకుండా పక్కకి తప్పించి వెళ్లగలగడమే ఈ దారిలో ఉన్న సుఖం.

తర్వాత అడ్డొచ్చేది కఫ్‌లో ముందు ఉండే సబ్‌స్కాపులారిస్. కీలు తెరవాలంటే దాన్ని విడదీయక తప్పదు. కొందరు స్నాయువుని కోస్తారు, కొందరు ఎముక మీంచి ఒలుస్తారు, కొందరు అది అతుక్కున్న ఎముక పలుకుతో సహా చెక్కి తీస్తారు. ఏది మేలన్న దాని మీద సర్జన్లు చాలాకాలం వాదించుకున్నారు. ఒలవడాన్నీ చెక్కడాన్నీ పోల్చిన కెనడా పరీక్షలో బలంలో తేడా ఏమీ కనిపించలేదు. ఎలా తీశారన్నదాని కంటే తిరిగి ఎంత గట్టిగా కుట్టారు, అది ఎంత బాగా అతుక్కుంది అన్నదే ముఖ్యం. ఇంటికొచ్చాక పెట్టే ఆంక్షల్లో సగం ఈ కుట్టు కోసమేనని చాలామంది రోగులకి ఎవరూ చెప్పరు. చెబితే బాగా పాటిస్తారు.

కష్టమంతా రెక్క ఎముక గుంట దగ్గర. అది లోతున ఉంటుంది, చిన్నది, పట్టు దొరకదు. ఏళ్ల అరుగుదలలో గుంట వెనకవైపు ఎక్కువగా అరిగి, తల వెనక్కి జారి ఉంటే ఇంకా చిక్కు. లియోన్‌కి చెందిన జిల్ వాల్ష్ బృందం 1999లో ఈ అరుగుదలని ఎ, బి, సి తరగతులుగా విభజించింది. సీటీ స్కాన్ చూసి ఏ రకమో తేల్చకుండా ఇప్పుడెవరూ కత్తి పట్టరు. స్కాన్ మీద కంప్యూటర్లో ముందే ఆపరేషన్ చేసి చూసుకోవడం, రోగి ఎముకకి సరిపోయే గైడ్ ముద్రించుకోవడం బాగా వ్యాపించాయి. 2024లో అమెరికాలో భుజానికి రోబో కూడా వచ్చేసింది. పరికరం అనుకున్న కోణంలో కూర్చోవడానికి ఇవి ఉపయోగపడతాయి. కానీ వీటివల్ల చెయ్యి ఎక్కువ లేస్తుందనీ, కీలు ఎక్కువకాలం మన్నుతుందనీ చూపే గట్టి ఆధారం ఇంకా రాలేదు. రోబో పేరు మీద అదనంగా అడిగితే ఆ ముక్క గుర్తుంచుకోవాలి. కాడ పొట్టిగా ఉన్నవి, అసలు కాడే లేనివి కూడా వచ్చాయి. మున్ముందు మళ్లీ తీయాల్సొస్తే ఎముక మిగిలి ఉంటుందన్నది వాటి లాభం, ఎముక గట్టిగా ఉండాలన్నది షరతు.

ఇప్పుడు సర్జన్ల మధ్య నడుస్తున్న పెద్ద చర్చ వేరే ఉంది. కఫ్ బాగానే ఉన్న అరుగుదల రోగికి కూడా రివర్స్ పెట్టేయొచ్చా? పెట్టేస్తున్నారు. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, అమెరికాల్లో రివర్స్‌దే పైచేయి. కారణం సులువే: అనటామికల్ కీలు పెట్టాక కొన్నేళ్లకి కఫ్ చిరిగితే మళ్లీ మొదటికి. రివర్స్‌కి ఆ బెడద లేదు. ఇంగ్లండ్ రిజిస్ట్రీ లెక్కలతో 2024లో వచ్చిన పరిశీలన అరవై దాటినవాళ్లలో రెండింటినీ పోల్చింది. రోగులు చెప్పుకున్న సుఖంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, తొలి మూడేళ్లలో తిరిగి ఆపరేషన్ అవసరం రివర్స్‌లోనే తక్కువ. అయితే అది చీటీ వేసి రోగుల్ని పంచిన పరీక్ష కాదు. ఏది పెట్టాలో సర్జన్లే ఎంచుకున్న కేసులవి.

నా అభిప్రాయం చెప్పాలంటే, డెబ్బై అయిదేళ్ల మనిషికి రివర్స్ పెట్టడంలో తప్పు కనిపించదు. కఫ్ గట్టిగా ఉన్న యాభై అయిదేళ్ల మనిషికి మాత్రం అనటామికల్‌నే ముందు ఆలోచించాలి. అది చెడితే రివర్స్‌కి మారే దారి ఉంటుంది. రివర్స్ చెడితే ముందున్న దారులు తక్కువ. పైగా రివర్స్‌లో చెయ్యి పైకి బాగా లేస్తుంది గానీ వీపు వెనక్కి అంతగా వెళ్లదు. పాశ్చాత్య పత్రాల్లో ఒక వాక్యంతో తేలిపోయే ఈ లోటు మన ఇళ్లలో చిన్నది కాదు. కడుక్కోవడం, చీర కుచ్చిళ్లు వెనక సర్దుకోవడం, లంగా నాడా, పంచె గోచీ అన్నీ ఆ కదలికతోనే. ఎడమ భుజానికి ఆపరేషన్ అయితే నీళ్లతో కడుక్కోవడం సంగతి మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోవాలి. రెండు భుజాలూ చెడినవాళ్ల విషయంలో ఈ ఒక్క కారణంతోనే సర్జన్లు మల్లగుల్లాలు పడుతుంటారు.

విరిగిన భుజాలది మరో కథ. కదిలిపోయిన విరుపులకి ఆపరేషన్ చేయడమా, చెయ్యి జోలెలో వేసి వదిలేయడమా అని బ్రిటన్‌లో 250 మందిపై ప్రోఫర్ అనే పరీక్ష చేశారు. 2015లో ఫలితాలు వచ్చాయి: రెండేళ్ల తర్వాత రెండు జట్ల మధ్యా తేడా లేదు. మన దగ్గర పుత్తూరు కట్టు మీద జనానికి అంత నమ్మకం ఎందుకున్నదో ఇందులో కొంత జవాబు ఉంది. భుజం ఎముక చాలాసార్లు తనంతట తానే అతుక్కుంటుంది. కానీ విరుపుతో పాటు కీలు జారిపోతే, తల నిలువునా చీలితే ఏ కట్టూ పనికిరాదు, ఎక్స్‌రే తీయందే ఆ సంగతి తెలియదు. ఇంకొకటి, ప్రోఫర్‌లో చేసినవి ఎక్కువగా ప్లేట్లు, బంతి ఒక్కటే మార్చే సగం మార్పిడులు. నార్వేలో 65 నుంచి 85 ఏళ్లవాళ్ల మీద జరిగిన పరీక్షలో ప్లేటు కంటే రివర్స్ మెరుగని 2020లో తేలింది. పెద్దవాళ్లలో ఆపరేషన్ చేయక తప్పని తీవ్రమైన విరుపుకి రివర్సే తగినదన్న మాటకి ఇప్పుడు బలం ఉంది.

ఇక కోలుకోవడం. మోకాలు మార్చినవాళ్లని మర్నాడే నడిపిస్తారు కాబట్టి భుజం కూడా అంతేననుకుని ఇంటివాళ్లు తొందరపెడతారు. ఇక్కడ తొలి నాలుగు నుంచి ఆరు వారాలు జోలెలోనే. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మాత్రం మొదటి రోజు నుంచే ఆడించాలి. మోచెయ్యి ఒంటికి ఆనించి పెట్టుకుంటే కంచం ఎత్తుగా పెట్టుకుని కుడిచేత్తోనే అన్నం తినొచ్చు. వెల్లకిలా పడుకున్నప్పుడు మోచెయ్యి వెనక్కి దిగిపోకుండా దాని కింద దుప్పటి మడత పెట్టాలి. తొలి వారాల్లో వాలుకుర్చీలోనో వీపు వెనక దిండ్లు ఎత్తుగా పెట్టుకునో పడుకుంటేనే నిద్రపడుతుంది. మన ఎండల్లో జోలె కింద చంక చెమటతో పాసిపోతుంది. ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టుకోవాలి. చొక్కా వేసుకునేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న. ముందు హుక్కుల జాకెట్లు, ముందు గుండీల నైటీలు రెండు మూడు ముందే కుట్టించుకుంటే ఆడవాళ్లకి ఇబ్బంది తగ్గుతుంది.

చేయకూడనివి రెండు పద్ధతుల్లో రెండు రకాలు. అనటామికల్‌లో సబ్‌స్కాపులారిస్ కుట్టు కాపాడాలి కాబట్టి చెయ్యి బయటికి ఎక్కువ తిప్పకూడదు, తలుపు లోపలికి లాగినట్టు బలంగా లాగకూడదు. రివర్స్‌లో భయం కీలు జారడం. చెయ్యి వెనక్కి, ఒంటికి దగ్గరగా, లోపలికి తిరిగి ఉన్నప్పుడే అది జారుతుంది. కుర్చీ చేతుల మీద ఆని లేవడం సరిగ్గా ఆ భంగిమే. నేల మీంచి చెయ్యి ఊని లేవడం అంతకంటే ప్రమాదం. కింద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో కొన్ని నెలలకైనా కమోడు కుర్చీ తెచ్చుకోవడం ఆపరేషన్‌కి ముందే చేయాల్సిన పని.

ఎప్పుడు కదపాలన్న దాని మీద కూడా అభిప్రాయాలు సడలుతున్నాయి. రివర్స్ తర్వాత వెంటనే వ్యాయామాలు మొదలుపెట్టినవాళ్లనీ ఆరు వారాలు ఆగినవాళ్లనీ పోల్చిన పరీక్షలో ఏడాది చివర ఇద్దరూ ఒకచోటే తేలారు. అంటే ఆగడం వల్ల నష్టం లేదు, కాస్త ముందుగా కదపడం వల్ల ప్రమాదమూ లేదు. సాధారణంగా ఆరు వారాల దాకా రెండో చెయ్యి సాయంతో, ఆ తర్వాత సొంతంగా, పన్నెండు వారాల తర్వాత బలం కోసం వ్యాయామాలు చేయిస్తారు. ఇంట్లో శ్రద్ధగా చేసుకున్న వ్యాయామం ఫిజియోథెరపీ సెంటర్‌కి వెళ్లి చేసినదానికి తీసిపోదని కూడా ఒక అధ్యయనం చూపింది. వారానికి మూడుసార్లు బస్సెక్కి పట్నం రావాల్సిన పల్లెవాళ్లకి ఇది శుభవార్తే. అందులోనూ కిక్కిరిసిన బస్సులో పై కమ్మీ పట్టుకుని వేలాడుతూ రావడం కంటే ఇంట్లో గోడ మీద వేళ్లు పాకించడం మేలు. నొప్పి చాలావరకు మూడు నెలల్లో తగ్గుతుంది. బలం ఏడాది దాకా పెరుగుతూనే ఉంటుంది. నిండు బిందె, గ్యాస్ సిలిండర్ ఆ చేత్తో ఎత్తడం మాత్రం ఎప్పటికీ మానుకోవాలి.

చెడిపోయే దారుల్లో ఎక్కువ మోసం చేసేది ఇన్ఫెక్షన్. చంక, భుజం చర్మంలోని నూనె గ్రంథుల్లో ఉండే క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి మగవాళ్లలో ఎక్కువ. ఇది చీము, జ్వరం చూపించదు. బాగున్న భుజం నెలల తర్వాత ఎందుకో నొప్పి పెడుతుంది, బిగుస్తుంది. ల్యాబులో కూడా ఇది మెల్లగా పెరుగుతుంది కాబట్టి నమూనాని రెండు వారాల దాకా ఉంచి చూడాలి. మూడో రోజున ‘ఏమీ లేదు’ అని వచ్చిన రిపోర్టుని నమ్మలేం. మొటిమలకి రాసే బెంజాయిల్ పెరాక్సైడ్‌ని ఆపరేషన్‌కి ముందు రోజుల్లో భుజానికి రాయించడం అందుకే. రివర్స్‌లో డెల్టాయిడ్ లాగుడుకి భుజం కొన ఎముక చిట్లడం, బంతి కింద ఎముక ఒరిసి గాడి పడటం కూడా ఉంటాయి.

మన్నిక సంగతి చూస్తే, 2020లో వెలువడిన ఒక సమీక్ష పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా కీళ్లు నిలిచి ఉన్నాయని తేల్చింది. అందరికీ ఇదే లెక్క వర్తించదు. ఇంగ్లండ్‌లో యాభై అయిదు నుంచి యాభై తొమ్మిదేళ్ల మధ్య భుజం మార్పించుకున్న మగవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు జీవితంలో మళ్లీ బల్లెక్కాల్సి ఉంటుందని 2019 నాటి పరిశీలన లెక్కగట్టింది. సర్జన్ అనుభవం మీద కూడా అక్కడివాళ్లే లెక్క తీశారు. ఏడాదికి సగటున పదికి మించి చేసేవాళ్ల చేతిలో తిరిగి ఆపరేషన్లు తక్కువ. కాబట్టి ‘మీరు ఏడాదికి ఎన్ని భుజాలు మారుస్తారు?’ అని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. మోకాళ్లు వందల్లో చేసిన చెయ్యి అయినా భుజానికి కొత్తదే కావచ్చు. ‘నా కఫ్ ఎలా ఉంది, ఏ రకం పెడుతున్నారు, ఎందుకు?’ అన్నది రెండో ప్రశ్న. ధర కూడా విప్పి రాయించుకోవాలి. 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది మోకాలి పరికరాలకి మాత్రమే, భుజానివి అందులో లేవు.

చివరగా ఒక పని. ప్రతి పరికరం పెట్టెలోనూ కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. పదిహేనేళ్ల తర్వాత ఆ కీలుని విప్పాల్సి వస్తే, ఏ కంపెనీదో తెలియక సరైన పనిముట్లు దొరక్క కొత్త సర్జన్ తల పట్టుకోవాల్సి వస్తుంది. డిశ్చార్జి అయ్యే రోజున బిల్లుతో పాటు ఆ స్టిక్కర్ల కాపీ అడిగి తీసుకోండి, ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.